పచ్చి చేప, వెచ్చని అన్నము

*హవాయి ద్వీపముల ‘పోకే’ నగరములలోని దుకాణములనుండి గృహస్థుల వంటయిండ్లలోనికి నడచి వచ్చుచున్నది. పొయ్యి అక్కరలేని ఈ వంటలో వండువాని పని యెంత? సముద్రము పని యెంత?*

హోనొలూలూ నగరమున 38వ నెంబరు రేవుకట్టమీద చీకటి యింకను విడిపోలేదు. వేలము గంట మ్రోగుట ఐదున్నరకు. కాని అంతకు ఎంతో ముందుగనే, చలిగాలి నింపిన ఆ విశాలమైన శాలలో, మందపు కోటులు తొడిగి రబ్బరు బూట్లు వేసికొన్న వర్తకులు టార్చిలైట్లు చేతబట్టుకొని, మంచు గడ్డలమీద బారులుగా పడియున్న మహామత్స్యముల నడుమ వంగి వంగి తిరుగుచుందురు. ప్రతి చేపకును తోకవద్ద ఒక గాటు పెట్టబడియుండును. వర్తకుడు ఆ గాటులోనుండి గోరంత మాంసము గిల్లి తీసి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి చూచును. వ్రేళ్లకు జిడ్డు తగిలినచో చేపలో కొవ్వు గలదు, తగులనిచో లేదు. వెలుగు పట్టి రంగు చూచును. మాట లేదు. వేలము పాడువాడు ఒక చేపవద్ద నిలిచి ధర అందుకొనును, నాలుగు గొంతులు పలుకును, కొన్నవాని చీటి చేపమీద పడును, గుంపు ప్రక్క చేపకు జరుగును. గంపగుత్త బేరములు ఇచ్చట చెల్లవు. ఏ చేప ధర దానిదే. 1952 నుండి నడచుచున్న ఈ వేలమున కొనబడిన ‘ఆహీ’ యను పెద్దకన్ను ట్యూనా, పసుపురెక్క ట్యూనా మధ్యాహ్నమునకెల్ల నగరపు అంగళ్లలో ముక్కలై, ఉప్పును నూనెను పూసికొని, పౌనుల లెక్కన అమ్ముడుపోవును. దాని పేరే పోకే.

ఈ ద్వీపపు తిండి గడచిన పదియేండ్లలో లోకమంతయు తిరిగినది. అమెరికా ఖండమున దీనికై వెలసిన దుకాణములకు లెక్క లేదు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు కళాశాల భోజనశాలలలో దీని రుచి మరగి, సెలవులకు ఇల్లు చేరి, “అమ్మా, మనమూ ఇంట్లో చేసుకుందాం” అని వెంటపడుచున్నారు. దుకాణమున ఒక్క గిన్నెకు చెల్లించు సొమ్మును తలచుకొన్న తండ్రులకును ఆ ఆలోచన సమంజసముగనే తోచుచున్నది. చూచుటకు ఇంతకంటె సులభమైన వంట మరియొకటి కానరాదు గదా! అన్నము వండుట, చేప తరుగుట, కలుపుట. అయినను పొయ్యి లేని వంటలో తప్పునకు మన్నింపు లేదు. మసాలా చాలకున్న కూరను మరికొంత మరిగించి సరిదిద్దుకొనవచ్చును గాని, చెడిన పచ్చి చేపను సరిదిద్దు ఉపాయము ఎవ్వరును కనిపెట్టలేదు.

ఉప్పు, నాచు, కుకుయి

1778లో కెప్టెన్ కుక్ ఓడలు ఆ తీరమును చేరుటకు శతాబ్దములకు పూర్వమే ద్వీపవాసులు పగడపు దిబ్బలలో దొరకు చేపలను ఎముకతోగూడ అడ్డముగా తరిగి, మూడు వస్తువులతో కలిపి తినుచుండిరి. ఒకటి సముద్రపు ఉప్పు. రెండవది ‘లిము’ యను సముద్రనాచు. మూడవది కుకుయి గింజలను కాల్చి, నూరి, ఉప్పు చేర్చిన ‘ఇనమోన’ యను పొడి. ఈ కుకుయి గింజ మన ఆముదపు గింజకు గుణములలో తోబుట్టువు: దీపమునకు నూనె యిచ్చును, పచ్చిగా తిన్నవానిని రేయంతయు నిద్రపోనీయక విరేచనములతో బాధించును. కాల్చిన పిదప మాత్రము చిటికెడు చాలును, చేపకు కమ్మదనము వచ్చును. అన్నమన్నది అప్పటికి ఆ దీవులలో లేదు. మనము పులుసు పెట్టుకొను చేమదుంపనే వారు ఉడికించి, రాతితో దంచి, నీరు కలిపి ‘పోయి’ యను ముద్ద చేసికొందురు. చేపకు ఆనాటి తోడు అదియే.

కవాయి ద్వీపమున హనపేపే యను చోట కొన్ని కుటుంబములవారు నేటికిని వేసవిలో మట్టి మళ్లు కట్టి ఉప్పు పండించుచున్నారు. కొంత ఉప్పునకు ఎఱ్ఱమట్టి చేర్చుటవలన అది ఇటుకరంగు పొందును. ఆ ఉప్పును వారు అమ్మరు. బంధువునకు ఇత్తురు, ఇరుగుపొరుగులతో వస్తువునకు వస్తువుగా మార్చుకొందురు. ‘హవాయి ఎఱ్ఱ ఉప్పు’ అని సీసాలలో అంగడికి వచ్చునది ఆ మళ్లలోనిది కాదని గ్రహించిన పాఠకుడు అధికమైన ధర చెల్లించుటకు ముందు ఒక క్షణమాగును.

ఇక నాచు కథ స్త్రీల కథ. 1819 వరకు అమలులోనున్న ‘కపు’ కట్టుబాటున స్త్రీలు పురుషులతో కూర్చుండి భుజింపరాదు. పందిమాంసము, కొబ్బరి, అరటిలో అనేక రకములు వారికి నిషిద్ధములు. నాచునకు అట్టి నిషేధము లేకపోవుటచే, ఏ రాతిమీద ఏ ఋతువున ఏ నాచు మొలచునో, దేనిని ఎంతవరకు గిల్లి వేరును విడిచిపెట్టవలెనో తెలిసిన విద్య తల్లులనుండి కూతుళ్లకు సంక్రమించినది. మావి ద్వీపమున హానా గ్రామమున 1919లో జన్మించిన ఇసబెల్లా అబట్ తన తల్లివద్ద ఆ విద్యను నేర్చి, 1950లో బర్కిలీ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రమున డాక్టరేటు పొంది, స్టాన్‌ఫర్డ్‌లో ఆచార్యపదవి నలంకరించి, పసిఫిక్ సముద్రపు నాచులపై లోకమునకు ప్రమాణమైనది. తీరమున చీరకొంగున నాచు ఏరుకొనునట్టి జ్ఞానము శాస్త్రమగుటకు ఎంత దూరము నడువవలెనో ఆమె జీవితము చూపినంత స్పష్టముగా మరియొకటి చూపజాలదు.

చెఱకు తోటలలో కలిసిన కంచములు

నేడు మనము గిన్నెలో చూచు పోకే, అనగా అన్నముమీద సోయా, నువ్వులనూనె పూసిన చేపముక్కల రూపము, రాజుల కాలపుది కాదు, కూలీల కాలపుది. పందొమ్మిదవ శతాబ్దమున చెఱకు తోటల యజమానులు చౌకయైన కూలికై సముద్రములు గాలించిరి. మన కోరంగి రేవునుండి తెలుగు కూలీలను మారిషసు చెఱకు తోటలకు ఓడలెక్కించిన శతాబ్దమే అది. ఇటువైపున కలకత్తా, మదరాసులలో జరిగినదే అటువైపున హాంకాంగు, యొకొహామాలలో జరిగినది. తోటలో చీనావాని వరుస వేరు, జపానువాని వరుస వేరు, జీతములును వేరు. మధ్యాహ్నపు గంట కొట్టిన పిమ్మట మాత్రము అన్నపు డబ్బాలు తెరచుకొని ఒకరి కూర మరియొకరు రుచి చూచుటను ఏ మేస్త్రీయు నిషేధింపలేకపోయెను. పచ్చి చేపను సోయా రసము తోడుగా తినుట ఎరిగిన జపాను కూలీకి, ఉప్పుతో తినుటెరిగిన ద్వీపవాసికి ఇట్లు స్నేహము కుదిరినది.

> ఎవరు ఎప్పుడు వచ్చిరి?
>
> 1852: చీనా కూలీల మొదటి ఒప్పందపు ఓడ. వీరు చేమమళ్లను వరిమళ్లుగా మార్చి ద్వీపములలో వరి పండించిరి.
>
> 1868: జపాను కూలీల తొలి జట్టు. 1885 నుండి రాక విస్తారమైనది. సోయా రసము, పచ్చి చేప ముక్కలు కోయు నేర్పు వీరివి.
>
> 1878: పోర్చుగీసువారు. 1903: కొరియావారు, వారితో కారపు రుచులు. 1906: ఫిలిప్పీనులు.
>
> ద్వీపములలో చిట్టచివరి చక్కెర మిల్లు మావి ద్వీపమున 2016లో మూతపడినది.

తీరపు చేపల స్థానమును లోసముద్రపు ట్యూనా ఆక్రమించుట ఇరువదవ శతాబ్దపు మాట. పిదప 1990 దశకారంభమున శామ్ చోయ్ యను పాకనిపుణుడు పోకే పోటీలు నెలకొల్పి ఇంటితిండికి పండుగమర్యాద కల్పించెను. హవాయిలో నేటికిని ఇది విందుకన్న వేడుకకు, హోటలుకన్న ఇంటి వెనుక వాకిలికి చెందినది. ఫుట్‌బాల్ ఆటనాడు, పుట్టినరోజునాడు, ఎవరైన మరణించిన యింట చుట్టములు చేరిన సాయంకాలమున, కిరాణా అంగడినుండి రెండు పౌనులు కట్టించుకొని పోవుదురు.

ఓడ దిగని మనుష్యులు

తోటల కూలీల కథ ముగిసినదని తలపనక్కరలేదు. హోనొలూలూకు ఆహీ తెచ్చు పొడుగు తాళ్ల గాలపు పడవలు సుమారు నూటనలువది. వానిలో శ్రమించువారిలో అత్యధికులు ఇండొనేషియా, ఫిలిప్పీన్స్, కిరిబాటి మొదలగు దేశముల యువకులు. వీరికి అమెరికాలో అడుగుపెట్టు అనుమతి పత్రము లేదు. కావున రేవున పడవ కట్టియున్న దినములలోను పడవమీదనో కట్టమీదనో కాలము గడపవలసినదే గాని కంచెదాటి పట్టణమునకు పోరాదు. 2016లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టినప్పుడు, గిన్నెమీద గిన్నె ఖాళీచేసిన నగరవాసులు అనేకులు నిర్ఘాంతపోయిరి. వేలపుశాలలో చేప కంటిని, కొవ్వును, వన్నెను అంత శ్రద్ధగా పరీక్షించు టార్చిలైటు, పది గజముల దూరమున పడవ అంచుమీద బట్టలారవేసికొనుచున్న మనుష్యునిపై ప్రసరించుటకు ఇన్నేండ్లు పట్టుట చింతనీయమే.

పేరుమీద జరిగిన పేచీ వేరొకటి కలదు. 2018లో షికాగో నగరపు దుకాణముల సంస్థ యొకటి, పోకే అమ్ము చిన్న అంగళ్లవారు ‘అలోహా’ యను మాటను తమ బోర్డులపై ఉంచరాదని వకీళ్లచేత లేఖలు వ్రాయించినది. లేఖలందుకొన్నవారిలో హవాయి బిడ్డలును ఉండిరి! ఊరేగింపులు, సంతకాల సేకరణలు జరిగినవి. ఎవరి వాకిట నిలిచి ఎవరు తలుపు వేయుచున్నారను ప్రశ్నకు వకీళ్లవద్ద సమాధానము కానరాలేదు.

కత్తి పట్టుటకు ముందు

ఇంట చేయదలచినవారికి నేను ముందుగా చెప్పదలచినది ఒక్కటే: పోకే రుచిలో ముప్పాతిక వంతు చేప మీ గుమ్మము త్రొక్కుటకు పూర్వమే నిర్ణయమైపోవును. చేప నీటిలోనుండి వచ్చిన నిమిషమునుండి మీ గిన్నెలో పడువరకు చలి యెన్నడును తెగకుండ నిలిచెనా లేదా అన్నదే ప్రశ్న. అంగళ్లలో కనబడు ‘సుషీ గ్రేడ్’ అను చీటీకి అమెరికాలో చట్టమిచ్చిన నిర్వచనము లేదు. అది అమ్మువాని మాట మాత్రమే. కావున చీటిని గాక మనిషిని అడుగవలెను: పచ్చిగా తినుటకే దీనిని అమ్ముచున్నారా, ఎన్నడు వచ్చినది, గడ్డకట్టించినదా, ఎంత చలిలో? అడిగినందుకు విసుగుకొను వర్తకునివద్ద కొనకుండుటే ఆరోగ్యము.

కంటిని సైతము పూర్తిగా నమ్మరాదు. కొన్ని ట్యూనా ముక్కలకు కార్బన్ మోనాక్సైడు వాయువును పట్టింతురు. దానివలన మాంసము చెడినను గులాబివన్నె చెడదు. అమెరికాలో ఇది చట్టవిరుద్ధము కాదు గాని పొట్లముమీద వ్రాయవలెను. ఆ చిన్న అక్షరములు చదువుటకు కళ్లజోడు తీయుట శ్రమ యనుకొనరాదు. ట్యూనా జాతికి మరియొక దోషము గలదు. వెచ్చదనమున నిలిచిన చేపలో సూక్ష్మజీవులు హిస్టమిన్ అను పదార్థమును పుట్టించును. తిన్న కొలది సేపటిలో ముఖము కందిపోవును, తల పగులును, ఒళ్లు దురదపెట్టును. ఒక్కసారి పుట్టిన ఆ పదార్థము వండినను పోదు, గడ్డకట్టించినను పోదు. నాలుకమీద మిరియపు మంట వంటిది తోచిన పచ్చి ట్యూనాను మరుమాట లేక ఉమిసివేయవలెను.

> చలి లెక్కలు
>
> ఇంటి ఫ్రిజ్‌లో చేప 4 డిగ్రీల సెల్సియసుకు లోపల ఉండవలెను. బల్లమీద 2 గంటలకు మించరాదు. ఎండ 32 డిగ్రీలు దాటిన దినమున 1 గంట.
>
> పరాన్నజీవులు చచ్చుటకు అమెరికా ఆహార ఔషధ సంస్థ విధించినది: సున్నకు దిగువ 20 డిగ్రీలలో 7 దినములు; లేదా సున్నకు దిగువ 35 డిగ్రీలలో గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు. పెద్ద ట్యూనా జాతులకు ఈ నిబంధన వర్తింపదు. ఇంటి ఫ్రీజరు సాధారణముగా సున్నకు దిగువ 18 మాత్రమే, దానిని నమ్ముకొనరాదు.
>
> గడ్డకట్టించుట బాక్టీరియాను, వైరసును చంపదు. 2016లో హవాయిలో 292 మందికి సోకిన హెపటైటిస్-ఎ వ్యాధికి మూలము దిగుమతియైన గడ్డకట్టిన పచ్చి స్కాలప్‌లు.
>
> గర్భిణులు, పసివారు, వృద్ధులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు పచ్చి చేప తినరాదు.

వంటయింటిలో

నలుగురకు అరకిలో ట్యూనా చాలును. గడ్డకట్టినదైనచో, గాలి తీసిన పొట్లమును ముందుగా విప్పి, చేపను పళ్లెములో పెట్టి మూతవేసి, రాత్రంతయు ఫ్రిజ్‌లో కరుగనీయవలెను. పొట్లము విప్పకయే కరిగించుట ప్రమాదకరము. గాలి సోకని చోటనే వృద్ధిపొందు విషక్రిములు గలవు. కరిగిన చేపను కాగితపు తువాలుతో నొక్కి నొక్కి తడి తీయవలెను, ఏలయనగా ఆ తడియే తరువాత రసమును పలుచన చేయును, ముక్కను జారుడు చేయును.

తరుగుటలో తొందరపడరాదు. చేపముక్కను బల్లమీద పెట్టి వెలుగునకు ఎదురుగా చూచినచో తెల్లని సన్నని గీతలు ఒక దిక్కునకు సాగుట కనిపించును. కత్తి ఆ గీతలకు అడ్డముగా నడువవలెను. తోక వైపు ముక్కలో ఆ గీతలు పీచుగా ముదిరి పంటికింద రబ్బరువలె సాగును. అట్టిచో తరుగుట మాని, చెంచా అంచుతో పీచు వెంబడి మాంసమును గీకి తీసినచో మెత్తని ముద్ద వేరుపడి పీచు బల్లమీద మిగులును. ముక్కలు ముప్పాతిక అంగుళము ఘనము. కత్తి పదునైనదై ఒక్క లాగులో తెగవలెను. రంపమువలె ముందునకు వెనుకకు లాగిన ముక్క అంచులు చిట్లి కలుపునప్పుడు చిదికిపోవును. తరిగినంతనే గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టి, అటుపైని తక్కినవాని సంగతి చూడవలెను.

అన్నమునకు మన సోనామసూరి పనికిరాదు. అది మెతుకు మెతుకుగా విడిపోవును. కాలిఫోర్నియాలో పండు కాల్‌రోస్ వంటి నడిమి పొడవు గింజ బియ్యమును నీరు తేటపడువరకు కడిగి, కప్పుకు కప్పుంబాతిక నీరు పోసి వండి, దింపిన పిదప పది నిమిషములు మూత తీయక ఉంచవలెను. చేప చేరు సమయమునకు అన్నము వెచ్చగానుండవలెను గాని పొగలు కక్కరాదు. పొగలు కక్కు అన్నము క్రింది ముక్కలను సగము ఉడికించును.

కలుపుట వడ్డనకు ముందు మాత్రమే. ముందుగా ఉప్పు, అర చెంచా. వ్రేళ్లతో మెల్లగా తిప్పి ఒక నిమిషమాగి, రెండు పెద్ద చెంచాల సోయా రసము, రెండు చిన్న చెంచాల నువ్వులనూనె. ఇచ్చట తెలుగు ఇల్లాండ్రు జాగ్రత్త వహింపవలెను: గానుగ పట్టించిన మన నువ్వులనూనె వేరు, వేయించిన నువ్వులనుండి తీసిన ముదురురంగు తూర్పుదేశపు నూనె వేరు. మనది పోసినచో వాసన రాదు, జిడ్డు మాత్రము మిగులును. తీపి ఉల్లి సన్నని చీలికలు, ఉల్లికాడలు, నానవేసి పిండిన నాచు, ఒక పండుమిరప. కుకుయి పొడి దొరకనివారు మకడేమియా గింజలను వేయించి కచ్చాపచ్చాగా దంచి చల్లుకొనవచ్చును. దీవులలోను అట్లు చేయువారు కలరు. నిమ్మరసము వలదు. పులుపు చేపను తెల్లబరచి గట్టిపరచును, అప్పుడది వేరొక దేశపు వంటయగును.

ఇంతటితో ఆగుట మేలని నా అభిప్రాయము. ఖండపు దుకాణములలో మామిడిపండు, మొక్కజొన్న, అవకాడో, దోస, వేయించిన ఉల్లి, మూడు విధముల రసములు పోసి, అంత మంచి చేపను అడుగున సమాధి చేయుచున్నారు. కారపు మయొనైజు కలిపిన ఆహీ హవాయివారికిని ప్రియమే గనుక దానిని నేను నిందింపను. కాని పదునాలుగు వస్తువులు వేసినచోట చేప ఎందుకో నాకు బోధపడదు.

విశాఖ సూర, అత్తగారి ప్రశ్న

పసుపురెక్క ట్యూనా మనకు పరాయిది కాదు. విశాఖ మత్స్యకారులు గాలము వేసి పట్టు సూరచేప అదియే. మన విందులలో వంజరమునకు చందువాకు గల గౌరవము దానికి లేకపోవుటచే దానిలో చాలభాగము ఎగుమతి వర్తకుల పాలగును. దొరకుచున్నది గదా యని రేవున కొని ఇంట పచ్చిగా తరుగుట మాత్రము సాహసము. మంచు చాలని చిన్నపడవలో, బంగాళాఖాతపు ఎండలో గంటలు గడపిన చేపకు పైన చెప్పిన హిస్టమిన్ దోషము అంటియుండుట సంభవము. ఇక బొచ్చె, రోహు వంటి మంచినీటి చేపలను పచ్చిగా తినుట తలపనే రాదు. వానిలోని పురుగుల జాతులు వేరు, బాధలు వేరు.

అట్లని మన ఊళ్లలోనివారికి ఈ రుచి దూరము కానక్కరలేదు. హవాయివారు ఆక్టోపసును ఉడికించియే పోకే చేయుదురు. టోఫూతో చేసినదియు అచ్చటి అంగళ్లలో అమ్ముదురు. ఉడికించిన రొయ్యలకు అదే ఉప్పు, అదే సోయా, అదే నూనె పట్టించినచో దానికి పోకే యను పేరు చెల్లదని ఏ ద్వీపవాసియు వాదింపడు.

సాన్‌హోసేలో కొడుకు ఇంటికి కాకినాడనుండి వచ్చిన అత్తగారు ఒకామె, కోడలు చేప తరిగి గిన్నెలో కలుపుట కొంతసేపు ఓర్చి చూచి, “ఏవమ్మా, ఇంకా పొయ్యి వెలిగించలేదేం?” అని అడిగినదట.

“ఇది పొయ్యి మీద పెట్టేది కాదత్తయ్యా, ఇలాగే తినాలి.”

“ఇలాగే తినడానికి మనమేవైనా కొంగలమా? నా వాటా నాకు విడిగా తియ్యి, నేను చూసుకుంటాను.”

ఆమె పెనము కాల్చి, తన వాటా ముక్కలను చుయ్యిమనిపించి, అన్నములో కలుపుకొని, రెండవ మారు వడ్డించుకొన్నదట. తాను ద్వీపాచారము తప్పితినని ఆమె యెరుగదు, తప్పలేదని కోడలును ఎరుగదు: మిగిలిన పోకేను పెనముమీద గబగబ వేయించుకొని తినుట హవాయి గృహములలో ఎప్పటినుండియో ఉన్న అలవాటే. పెనము బాగుగా కాగవలెను, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడరాదు, ప్రక్కకు అరనిమిషము చాలును. సోయా అడుగంటి మాడుటకు ముందే దింపి, పైన ఒక కోడిగ్రుడ్డు కొట్టి వేయించి పెట్టుకొన్నచో రాత్రి భోజనమునకు వేరు కూర అక్కరలేదు. ముక్కలు ఫ్రిజ్‌లో నిలిచినవై యుండవలెను సుమా. బల్లమీద మరచిపోయినవానిని పెనము కూడ రక్షింపదు.